నాన్న షేర్లు, తమ్ముడి చార్టు, అమ్మ ఎఫ్‌డీ

బందరు దగ్గర ఓ ఊళ్లో టీచరుగా పనిచేస్తున్న పాఠకురాలు సుదీర్ఘంగా ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఉత్తరం సారాంశం ఇది:

“నాన్నగారు ఆంధ్రా బ్యాంకులో క్లర్కుగా చేరి ఆఫీసరుగా రిటైరయ్యారు. రెండేళ్ల క్రితం పోయారు. ఆయన డైరీలో షేర్ల లెక్క ఉంది. 2001 పబ్లిక్ ఇష్యూలో 10 రూపాయల చొప్పున 4,000 కొన్నారు. 2006 ఇష్యూలో 90 చొప్పున 2,000 కొన్నారు. ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమయ్యాక అవన్నీ కలిపి 1,950 యూనియన్ బ్యాంకు షేర్లయ్యాయి. నామినీగా అమ్మ ఉండటంతో ఇప్పుడవి ఆమె డీమ్యాట్ ఖాతాలో (షేర్లు దాచుకునే ఖాతాలో) ఉన్నాయి. తమ్ముడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ కొన్నాళ్లుగా చార్టులు నేర్చుకుంటున్నాడు. ఈమధ్య ఈ షేరు ధర చార్టులో 200 రోజుల మూవింగ్ యావరేజ్ అనే గీత కిందికి దిగిందట. మొత్తం అమ్మేసి, ఆ యావరేజ్‌కు బాగా పైన ఉన్న ఓ ప్రైవేటు బ్యాంకు షేరు కొనాలంటున్నాడు. అమ్మకున్న 14 లక్షల ఎఫ్‌డీలోంచి 5 లక్షలు తీసి అందులోనే పెడదామంటున్నాడు. అమ్మకు ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. ఆమె మాత్రం ‘నాన్న తొంభైకి కొన్నారు, ఇప్పుడు అంతకన్నా ఎక్కువే ఉంది కదా, లాభంలో ఉన్నదాన్ని ఎందుకు అమ్మాలి, పైగా అది ఆయన గుర్తు’ అంటుంది. నేను ‘అంత తొందరేంట్రా’ అన్నాను. ‘నీకు చార్టు చదవడం రాదక్కా, ఊరుకో’ అన్నాడు. అప్పటినుంచి మా ఇద్దరికీ సరిగా మాటల్లేవు. పుట్టింటి డబ్బు విషయంలో తలదూర్చొద్దని మావారు అంటున్నారు. ఆ గీతను నమ్మాలా వద్దా? అమ్మకు ఏం చెప్పమంటారు?”

మీ ఉత్తరంలో షేర్ల గురించి రెండు పేజీలు రాశారు. ఎఫ్‌డీలోంచి తీస్తామంటున్న 5 లక్షల గురించి ఒక్క వాక్యం రాశారు. నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ఆ ఒక్క వాక్యమే. ఈ 1,950 షేర్లు ఉంచినా, అమ్మినా మీ అమ్మగారి రోజులు పెద్దగా మారవు. పెన్షన్ ఉంది, డిపాజిట్ ఉంది. కానీ ఆ డిపాజిట్‌లో మూడో వంతుకు పైగా తీసి ఒకే ఒక్క బ్యాంకు షేరులో పెడితే మాత్రం మారతాయి. మీ ఇంట్లో గొడవంతా చిన్నదాని మీద జరుగుతోంది. పెద్దది చడీచప్పుడు లేకుండా దాని వెనకే వస్తోంది. ఈ రెండింటినీ ముందు విడదీయండి. దాని సంగతి తర్వాత చెబుతాను. మీరు అడిగింది గీత గురించి కాబట్టి అక్కడినుంచే మొదలుపెడదాం.

తమ్ముడు చూపించే గీతలో మాయ ఏమీ లేదు. గత 200 ట్రేడింగ్ రోజుల ముగింపు ధరలు కూడి 200తో భాగిస్తే వచ్చే సంఖ్య అది. సెలవులు పోగా అది దాదాపు పది నెలల కాలం. రోజూ కొత్త ధర ఒకటి చేరుతుంది, అన్నిటికన్నా పాతది ఒకటి పోతుంది. ఇక్కడే చాలామంది గమనించని విషయం ఉంది. సగటు 120 ఉంది, ఈరోజు ధర 116 అనుకోండి. ధర గీత కిందికి దిగినట్టే. కానీ ఈరోజు లెక్కలోంచి పోతున్న పాత ధర 100 అయితే సగటు 8 పైసలు పెరుగుతుంది. పోతున్న పాత ధర 140 అయితే అదే సగటు 12 పైసలు తగ్గుతుంది. ఈరోజు ధర మారలేదు, గీత వాలు మాత్రం మారింది. అంటే ఆ గీత ఈరోజు ఎటు తిరుగుతుందో సగం నిర్ణయించేది పది నెలల కిందటి ఒక ధర. పెరుగుతున్న సగటు కిందికి ధర దిగడం, తగ్గుతున్న సగటు కింద ధర ఉండటం ఒకటి కాదు. మీ తమ్ముడిని మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే: గీత ఇప్పుడు పైకి వెళుతోందా, కిందికా?

రెండో ప్రశ్న, అది సాధారణ సగటా, ఎక్స్‌పొనెన్షియలా? రెండోదాంట్లో ఇటీవలి ధరలకు బరువు ఎక్కువ కాబట్టి రెండు గీతలూ ఒకే చోట ఉండవు. ఒకదాని ప్రకారం ‘దిగిన’ షేరు ఇంకోదాని ప్రకారం దిగకపోవచ్చు. మూడోది, షేరు పడింది ఈ బ్యాంకు ఒక్కదానికేనా, లేక ప్రభుత్వ బ్యాంకుల షేర్లను కలిపి చూపే నిఫ్టీ పీఎస్‌యూ బ్యాంక్ సూచీ మొత్తం పడిందా? అన్ని ప్రభుత్వ బ్యాంకులూ కలిసి పడితే ఆ గీత మీ బ్యాంకు గురించి ప్రత్యేకంగా ఏమీ చెప్పడం లేదు.

బ్యాంకు షేరు దగ్గర ఈ గీతకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. బ్యాంకు వ్యాపారం అప్పుచేసి అప్పివ్వడం. సొంత మూలధనం చిన్నది, దాని మీద మోసే అప్పులు దానికి ఎన్నో రెట్లు. అందుకే బ్యాంకు జాతకం మెల్లగా మారినట్టే ఉంటుంది, మారిన సంగతి మాత్రం ఒక్క రాత్రిలో బయటపడుతుంది. త్రైమాసిక ఫలితాలో, రిజర్వు బ్యాంకు నిర్ణయమో, ప్రభుత్వ ప్రకటనో రావాలి. పది నెలల ధరల సగటు అలాంటి రాత్రిని ముందుగా చూడలేదు.

2017 అక్టోబరు 24న కేంద్రం ప్రభుత్వ బ్యాంకులకు 2.11 లక్షల కోట్ల మూలధనం ప్రకటించింది. మర్నాడు ఎస్‌బీఐ షేరు ఒక్క రోజులో 27 శాతానికి పైగా పెరిగింది. అప్పటిదాకా 200 రోజుల సగటు కింద ఉన్న ధర ఒక్క దూకుతో పైకి వెళ్లింది. గీత దాటింది కదా అని ఆ ధరకు కొన్నవాళ్లు ఎంతోమంది. 2018 ఫిబ్రవరిలో పంజాబ్ నేషనల్ బ్యాంకులో నీరవ్ మోదీ కుంభకోణం బయటపడింది. మార్చి నెలాఖరుకల్లా ఎస్‌బీఐ షేరులో ఆ పెరుగుదల అంతా ఆవిరైంది. గీత పైకి దాటినప్పుడు కొని, కిందికి దిగినప్పుడు అమ్మినవాళ్లు అయిదు నెలల్లో రెండుసార్లు దెబ్బతిన్నారు.

అలాగని గీత వట్టిదని నేను అనను. యెస్ బ్యాంక్ సంగతి చూడండి. 2018 ఆగస్టులో షేరు 400 రూపాయల దగ్గర, సగటుకు చాలా ఎత్తులో ఉంది. చార్టు చూస్తే ముచ్చటేసేది. నెల తిరిగింది. ఎండీ రాణా కపూర్ పదవీకాలాన్ని 2019 జనవరి దాటి పొడిగించేది లేదని రిజర్వు బ్యాంకు చెప్పింది. సెప్టెంబరు 21న ఒక్క రోజులోనే షేరు నాలుగో వంతుకు పైగా పోయింది. ఆ రోజు చేతులు కాల్చుకున్నవాళ్లకు గీత ఏ సాయమూ చేయలేదు. కానీ తర్వాత ఏడాదిన్నరలో ఎక్కువ కాలం ధర సగటు కిందే నలిగింది. ‘ఇంత పడింది, ఇంకెంత పడుతుందిలే’ అని కొత్తగా కొన్నవాళ్లు 2020 మార్చి 5న మారటోరియం (డబ్బు తీసుకోవడం మీద తాత్కాలిక ఆంక్షలు) వచ్చేదాకా కొంటూనే ఉన్నారు. గీతను గౌరవించి దూరంగా ఉన్నవాళ్లు ఆ నష్టం తప్పించుకున్నారు. గీత బాగా పనికొచ్చేది ఇలాంటి చోటే: దీర్ఘకాలం క్షీణిస్తున్నదాన్ని చౌకగా దొరికిందని కొనకుండా ఆపడానికి. పైనున్న షేరు క్షేమం అని హామీ ఇవ్వడానికి మాత్రం పనికిరాదు. మీ తమ్ముడు దాన్ని వాడాలనుకుంటున్నది సరిగ్గా ఆ రెండో పనికి.

ఇక మీ బ్యాంకు సంగతి. యూనియన్ బ్యాంకు ఇచ్చిన అప్పుల్లో స్థూల మొండి బకాయిలు 2021 మార్చి నెలాఖరుకు 13.74 శాతం. ఆ తర్వాత ఏటేటా 11.11, 7.53, 4.76కు తగ్గి, 2025 మార్చికి 3.60 శాతానికి వచ్చాయి. నికర లాభం 2020–21లో 2,906 కోట్లు, 2024–25లో 17,987 కోట్లు. విలీనం జరిగిన కొత్తల్లో 30 రూపాయలకు అటూఇటూ తిరిగిన షేరు 2024లో 150 దాటింది. 2022 రెండో సగం నుంచి దాదాపు రెండేళ్లు ధర ఎక్కువగా సగటు పైనే నడిచింది. అక్కడ గీత, బ్యాలెన్స్ షీట్ ఒకే మాట చెప్పాయి.

తర్వాత రెండూ విడిపోయాయి. 2024 జూన్ 4న, ఎన్నికల ఫలితాల రోజు, ప్రభుత్వ బ్యాంకుల షేర్లన్నీ ఘోరంగా పడ్డాయి. ఆ తర్వాతి నెలల్లో యూనియన్ బ్యాంకు షేరు 200 రోజుల సగటు కిందికి దిగి చాలాకాలం అక్కడే ఉంది. అదే ఆర్థిక సంవత్సరంలో మొండి బకాయిలు 4.76 నుంచి 3.60కి తగ్గాయి, లాభం పెరిగింది. 2025 వేసవికి ధర మళ్లీ సగటు దాటింది. అప్పుడు గీత చూసి అమ్మినవాళ్లు బ్యాంకు బాగుపడుతుండగానే బయటికి వచ్చేశారు. దీన్నిబట్టి ఇప్పుడు కూడా అలాగే పుంజుకుంటుందని అనుకోవద్దు. ధర గీత కిందికి దిగినప్పుడు బ్యాంకు తాజా ఫలితాలు తెరిచి కొత్తగా మొండి బకాయిలుగా మారుతున్న అప్పులెన్ని, డిపాజిట్లు పెరుగుతున్నాయా, వడ్డీ మార్జిన్ (వచ్చే వడ్డీకి, కట్టే వడ్డీకి మధ్య మిగులు) ఎలా ఉంది, మూలధనం సరిపడా ఉందా అని చూడాలి. అవీ చెడుతున్నాయంటే గీత మాట వినాలి. అవి బాగుండి ధర మాత్రమే పడితే ఆగి చూడటానికి కారణం ఉంది. మూడు నెలలకోసారి గంట కూర్చుంటే సరిపోయే పని ఇది. మీరు టీచరు. ఈ అయిదారు అంకెలు ఓ కాగితం మీద రాసుకుంటూ పోవడం మీకు కష్టం కాదు. చార్టు చదవడం రాకపోతే మాట్లాడే హక్కు లేదన్న మాటను మనసులోంచి తీసేయండి.

ఇప్పుడు అమ్మగారి తొంభై రూపాయల మాట. ఇది సున్నితంగా చెప్పాల్సిన లెక్క, కానీ చెప్పాలి. విలీనం 2020 ఏప్రిల్ 1న జరిగింది. ప్రతి 1,000 ఆంధ్రా బ్యాంకు షేర్లకు 325 యూనియన్ బ్యాంకు షేర్లు ఇచ్చారు. అంటే ఇప్పటి ఒక్క షేరు వెనక పాతవి మూడుకు పైగా ఉన్నాయి. నాన్నగారు తొంభైకి కొన్న షేర్ల అసలు ఖరీదు ఇప్పటి లెక్కలో షేరుకు సుమారు 277 రూపాయలు. పదికి కొన్నవాటిది సుమారు 31. అన్నీ కలిపితే ఆయన పెట్టింది 2,20,000, షేరుకు దాదాపు 113 పడుతుంది. ‘తొంభై కన్నా ఎక్కువ ఉంది’ అన్న మాటకు ఇక్కడ అర్థం లేదు. అయినా 31, 113, 277ల్లో ఏది సరైన ధర అని తేల్చుకోవడం కూడా అనవసరం. నాన్నగారు ఎంతకు కొన్నారో మార్కెట్‌కు తెలియదు, 200 రోజుల సగటుకూ తెలియదు. ఆ సంఖ్య పనికొచ్చేది పన్ను లెక్కకు మాత్రమే.

గుర్తు అన్న మాట వేరు, దాన్ని లెక్కతో కొట్టేయకండి. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు బందరులోనే పెట్టిన బ్యాంకు అది. అందులో జీవితమంతా పనిచేసిన మనిషి జీతంలోంచి మిగిల్చి కొన్న షేర్లు. బ్యాంకు పేరు బోర్డు మీదనుంచి పోయినప్పుడు మీ ఇంట్లో ఎంత బాధపడ్డారో ఊహించగలను. కాకపోతే గుర్తుగా ఉంచుకోవడానికి 1,950 షేర్లూ ఉండక్కర్లేదు.

ఇక మీ ముందున్న దారులు. మొత్తం అలాగే ఉంచొచ్చు. 2024–25కు బ్యాంకు షేరుకు 4.75 రూపాయల డివిడెండ్ (లాభంలో వాటా) ఇచ్చింది. ఆ లెక్కన అమ్మగారికి 9,262 రూపాయలు వస్తుంది. లాభాలు తగ్గితే డివిడెండూ తగ్గుతుంది. ధర ఎప్పుడైనా మూడో వంతు పడొచ్చు, ప్రభుత్వ బ్యాంకుల చరిత్రలో అది వింత కాదు. పడినప్పుడు అమ్మగారు రాత్రుళ్లు టెన్షన్ పడకుండా ఉండగలరా అన్నది మీకే తెలియాలి. ఉండగలిగితే ఇదేమీ చెడ్డ దారి కాదు.

మొత్తం అమ్మేయడం కూడా తప్పేం కాదు. ఆ వయసులో ఒకే కంపెనీ షేరు ఎందుకు అన్నది మంచి కారణం. గీత దిగిందన్నది అంత మంచి కారణం కాదు. అమ్మితే దీర్ఘకాల లాభంలో ఏడాదికి 1.25 లక్షల దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. వారసత్వంగా వచ్చిన షేర్లకు నాన్నగారు కొన్న ధర, కొన్న తేదీలే లెక్కకు వస్తాయి. పాత షేర్లకు 2018 జనవరి 31 నాటి ధరతో పోల్చుకునే వెసులుబాటూ ఉంది. కాబట్టి ఆ డైరీ పేజీలు ఆడిటర్‌కు చూపించండి. అమ్మాక షేరు పెరిగితే ‘అమ్మొద్దంటే విన్నారా’ అన్న మాట ఇంట్లో పడుతుంది, దానికి సిద్ధపడాలి. డబ్బు ఎక్కడికి వెళుతుందో కూడా ముందే తేలాలి. వెంటనే ఇంకో బ్యాంకు షేరులోకి వెళితే, ఒకే షేరు ప్రమాదం తగ్గించినట్టు కాదు, పేరు మార్చినట్టు.

నాకు ఎక్కువ నచ్చేది మధ్యదారి, మీ ఇంటి పరిస్థితిని బట్టి చెబుతున్నాను. కొన్ని షేర్లు, 300 అనుకోండి, నాన్నగారి గుర్తుగా పక్కన పెట్టండి. గీత ఏం చెప్పినా, ధర ఎంతైనా వాటి జోలికి వెళ్లొద్దు. మిగిలినవాటికి మీ తమ్ముడే ఒక నియమం రాయాలి, ఇప్పుడే, కాగితం మీద. రోజువారీ ధర కాకుండా నెలాఖరు ముగింపు ధర చూడాలి. వరసగా రెండు నెలలు అది సగటు కింద ఉండి, సగటు కూడా కిందికి వాలుతూ, ఆ త్రైమాసికంలో కొత్త మొండి బకాయిలు పెరిగితే మూడో వంతు అమ్మాలి. మూడూ కలిస్తేనే. ఇలా చేస్తే ఒక్కోసారి ఆలస్యంగా అమ్ముతారు, ఒక్కోసారి అమ్మాక ధర పెరుగుతుంది. అలాంటి పొరపాట్లు లేని పద్ధతి ఎవరి దగ్గరా లేదు. ఇందులో ఉన్న మేలల్లా, పడిన రోజు ఇంట్లో మళ్లీ కొత్తగా గొడవ మొదలుకాదు. తమ్ముడి చదువుకూ విలువ ఇచ్చినట్టవుతుంది.

ఇప్పుడు ఆ 5 లక్షలు. దీన్ని గురించి మీరు మెత్తగా ఉండొద్దు. ఒకే బ్యాంకులో డిపాజిట్ ఉన్నవాళ్లు, షేరు ఉన్నవాళ్లు కష్టం వచ్చినప్పుడు ఒకే వరుసలో నిలబడరు. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు మన వాళ్లకు బాగా గుర్తుండాలి. 2004 జూలైలో మారటోరియం పెట్టి, ఆగస్టులో దాన్ని ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపేశారు. డిపాజిటర్ల డబ్బు కొత్త బ్యాంకులో భద్రంగా ఉంది. షేరుదార్లకు ఏమీ రాలేదు. 2020 నవంబరులో లక్ష్మీ విలాస్ బ్యాంకును డీబీఎస్ బ్యాంకులో కలిపినప్పుడూ షేర్ల విలువ సున్నా చేశారు. యెస్ బ్యాంక్ నిలబడింది, కానీ 100కు మించి షేర్లున్నవాళ్ల షేర్లలో 75 శాతాన్ని మూడేళ్లపాటు అమ్ముకోనివ్వలేదు. చార్టులో అమ్మమని సంకేతం వచ్చినా వాళ్ల చేతులు కట్టేసి ఉన్నాయి. ఎఫ్‌డీ తీసి బ్యాంకు షేరు కొనడమంటే అమ్మగారు ముందు వరుసలోంచి లేచి చివరి వరుసలోకి వెళ్లడమే. ఆ ప్రైవేటు బ్యాంకు ఎంత మంచిదైనా సరే.

ఆ 14 లక్షలూ ఒకే బ్యాంకులో ఉన్నాయేమో చూడండి. డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షల దాకానే, వడ్డీతో కలిపి. గడువు తీరినప్పుడల్లా కొంత చొప్పున వేర్వేరు బ్యాంకుల్లోకి మార్చుకోండి. మధ్యలో తెంచితే వడ్డీ తగ్గుతుంది. డబ్బుల విషయంలో అమ్మగారికి నిజంగా మేలు చేసే మార్పు కావాలంటే ఇదీ, వైద్య ఖర్చులకు కొంత విడిగా ఉంచడమూ చాలు.

తమ్ముడితో ఎలా మాట్లాడాలి? గీత తప్పని నిరూపించడానికి వెళ్లకండి. అతనికి చార్టు గురించి మీకన్నా ఎక్కువ తెలుసు, ఆ మాట ఒప్పుకోండి. ‘నువ్వు నేర్చుకున్నది నాకూ చూపించరా, పోయిన పదేళ్లలో ఈ షేరు గీత దిగిన ప్రతిసారీ అమ్మి, దాటిన ప్రతిసారీ కొంటే ఏమయ్యేదో ఇద్దరం లెక్క వేద్దాం’ అనండి. సాఫ్ట్‌వేర్ మనిషికి అది ఓ సాయంత్రం పని. బ్రోకరేజీ, పన్ను కూడా కలపమనండి. విలీనం, బోనస్, షేర్ల విభజన లాంటివి సర్దుబాటు చేసిన ధరలే వాడమనండి. లేకపోతే ఒక రోజు ధర సగానికి పడినట్టు కనిపించి లెక్కంతా తప్పుతుంది. వచ్చిన ఫలితం అతని పక్షాన ఉంటే మీరూ వినండి. లేకపోతే చెప్పేది మీరు కాదు, అతను వేసిన లెక్కే. ప్రైవేటు బ్యాంకు షేరు మీద అంత నమ్మకం ఉంటే తన జీతంలోంచి కొనుక్కోమనండి, అందులో అతనికి అడ్డు చెప్పాల్సిన పని లేదు.

మీవారి మాట గౌరవంగా వినండి కానీ, ఇది ఒట్టి పుట్టింటి విషయం కాదు. నామినీ అంటే ఆస్తికి సొంతదారు కాదని, షేర్ల విషయంలోనూ అంతేనని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. నాన్నగారు వీలునామా రాయకపోతే ఆ షేర్లలో అమ్మగారికి, మీకు, తమ్ముడికి సమానంగా హక్కుంటుంది. మీరు వాటా అడగక్కర్లేదు, అడగాలని నేను చెప్పడం లేదు. మాట్లాడే చోటు మాత్రం మీకుంది.

చివరగా, చిన్నదే కానీ ఈ వారమే చూడాల్సిన పని ఒకటి. అమ్మగారి డీమ్యాట్ ఖాతాకు, బ్యాంకు ఖాతాకు ఎవరి ఫోన్ నంబరు, ఎవరి ఈమెయిల్ ఇచ్చారో కనుక్కోండి. తమ్ముడివైతే అమ్మగారివి చేయించండి. దీన్ని అనుమానంగా కాకుండా ఆమె ఖాతాకు ఆమె నంబరు ఉండాలన్న పద్ధతిగా చెప్పండి. ఓటీపీ ఆమె ఫోన్‌కు వస్తే, మామూలుగా అమ్మే ముందు ఆమెకో ఫోన్ చేయాల్సి వస్తుంది, ఎందుకు అమ్ముతున్నదీ ఆమెకు అర్థమయ్యేలా చెప్పాల్సి వస్తుంది.